డబ్బు లేదు, లిపి లేదు, బండి చక్రం లేదు: మరి ఇంకాలు అంత రాజ్యాన్ని ఎలా నడిపారు? రోమన్లతో పోల్చొచ్చా?

సోషల్_టీచర్:

అందరికీ నమస్కారం. నేను ఖమ్మం వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. రోమన్ సామ్రాజ్యం గురించి చెప్పడం అయిపోయాక, పిల్లలకి కొత్తగా ఉంటుందని దక్షిణ అమెరికాలోని ఇంకాల గురించి కూడా ఒక పీరియడ్ చెప్పాను. బోర్డు మధ్యలో నిలువు గీత గీసి, ఎడమవైపు రోమ్, కుడివైపు ఇంకా అని రాసి, ఒక్కొక్కటీ పోల్చుకుంటూ పోయాం. నాణేలు రోమ్‌కి ఉన్నాయి, ఇంకాలకి లేవు. రాయడానికి లిపి, ఇనుము, గుర్రాలు, చక్రాల బండ్లు, అన్నీ అంతే. కాసేపటికి కుడివైపంతా "లేదు, లేదు, లేదు" అని నిండిపోయింది. అప్పుడు వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి "ఇన్ని లేకపోతే వాళ్ల దగ్గర ఏముంది మేడం?" అని అడిగింది. నేను "రోడ్లు" అని రాసేలోపు బెల్ కొట్టారు.

ఆ ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలట్లేదు. నాకు తెలిసినంతవరకు 1438 ప్రాంతంలో పచకూతి అనే రాజు ఇంకాల రాజధాని కుస్కోలో గద్దెనెక్కాక రాజ్యం పెరగడం మొదలైంది, 1532లో స్పెయిన్ వాళ్లు వచ్చేసరికి ఇప్పటి కొలంబియా దక్షిణ అంచు నుంచి చిలీ మధ్య దాకా దాదాపు 4,000 కిలోమీటర్ల పొడవున పరుచుకుంది. కోటి మందికి అటూ ఇటూగా జనాభా ఉండేదని అంచనా. ఇదంతా వందేళ్లలోపే, అదీ ఆండీస్ లాంటి కొండల్లో. రోమ్‌లో 5, 6 కోట్ల మంది ఉండేవాళ్లు కానీ వాళ్ల రాజ్యం మధ్యలోనే సముద్రం ఉంది, ఓడ ఎక్కితే సరుకు వెళ్లిపోతుంది. ఇక్కడ ఓ లామా జంతువు మోసేది పాతిక, ముప్పై కిలోలే.

తెలిసినవాళ్లు చెప్పండి. పన్ను ఎలా తీసుకున్నారు, ఓడిపోయిన జాతుల్ని ఎలా పట్టి ఉంచారు, రోమ్ పద్ధతికీ వీళ్ల పద్ధతికీ అసలు తేడా ఎక్కడుంది? వచ్చే వారం ఆ అమ్మాయికి సరైన జవాబు చెప్పాలి.

అప్పియా_దారి:

టీచర్ గారూ, ముందు ఆ పట్టికనే మార్చాలి. మీరు ఎడమవైపు రాసినవన్నీ రోమ్ ఇంట్లో ఉన్న సామాన్ల జాబితా, ఆ జాబితా పట్టుకుని ఎవరింటికి వెళ్లినా "లేదు" అనే వస్తుంది. దాని బదులు, రాజ్యం నడవాలంటే జరగాల్సిన పనులు రాయండి: సైన్యానికి తిండి ఎవరు పెట్టారు, కబురు ఎలా వెళ్లింది, దూరపు ఊళ్లో తిరగబడితే ముందుగా ఎవరికి తెలిసేది, ఓడిపోయినవాడిని ఏం చేశారు. అప్పుడు రెండు వైపులా నిండుతుంది.

నేను చాలా ఏళ్లుగా రోమ్ చదువుతున్నా కాబట్టి ఎడమవైపు నేను నింపుతాను. రోమ్ గురించి చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, అంత పెద్ద సామ్రాజ్యాన్ని నడిపిన పై స్థాయి అధికారులు చాలా చాలా తక్కువ. రెండో శతాబ్దంలో రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు మహా అయితే 150 మంది అని చరిత్రకారులు లెక్క కడతారు. ఇప్పుడు ఒక జిల్లాకి ఉండే గెజిటెడ్ అధికారులు అంతకంటే ఎక్కువే ఉంటారు. మరి పని ఎవరు చేశారు అంటే, పట్టణాలు. ప్రతి పట్టణంలో డబ్బున్న పెద్దల సభ ఒకటి ఉండేది, పన్ను వసూలు చేసి పైకి పంపే బాధ్యత వాళ్లదే, తగ్గితే తమ జేబులోంచి పూడ్చాల్సిందీ వాళ్లే. దానికి బదులుగా వాళ్లకి హోదా, పేరు, పౌరసత్వం.

అంతకుముందు, చక్రవర్తులు రాని రిపబ్లిక్ కాలంలో మరీ ఘోరం, పన్ను వసూలుని వేలం పాట పెట్టేవాళ్లు. క్రీ.పూ. 123లో గాయస్ గ్రాకస్ తెచ్చిన చట్టంతో ఆసియా రాష్ట్రం, అంటే ఇప్పటి టర్కీ పడమటి భాగం, దాని పన్నుల పాట రోమ్‌లోనే జరిగేది. పాడుకున్నవాళ్లు పెట్టిన డబ్బు కంటే ఎక్కువ లాగాలని చూసేవాళ్లు. తెలుగు బైబిల్లో "సుంకరి" అన్న మాట వినిపించినప్పుడల్లా జనం ఎందుకు చీదరించుకున్నట్టు ఉంటుందో ఆలోచించండి, ఇలాంటి కాంట్రాక్టు వసూళ్ల లోకమే అది. క్రీ.పూ. 88లో మిత్రిదాతీస్ అనే రాజు ఒక్క ఆజ్ఞ వేస్తే ఆ ఆసియా పట్టణాల జనం తమ మధ్య ఉన్న రోమన్లనీ ఇటలీ వాళ్లనీ వేలల్లో చంపేశారు. మొదటి చక్రవర్తి అగస్టస్ వచ్చాక జనాభా లెక్కలు, భూమి లెక్కలు తీయించి ఈ పాటల పద్ధతిని మెల్లగా తగ్గించాడు. ఈజిప్టులో అయితే 14 ఏళ్లకోసారి ఇంటింటి లెక్క.

కానీ రోమ్ అసలు బలం నా దృష్టిలో ఓడిపోయినవాడిని రోమనుగా మార్చుకోవడం. ఇదీ దయతో ఇచ్చింది కాదు, ఇటలీలో మిత్రులుగా ఉన్నవాళ్లు క్రీ.పూ. 91లో యుద్ధానికి దిగితే గానీ వాళ్లకి పౌరసత్వం రాలేదు. తర్వాత అదే అలవాటైంది. క్రీ.శ. 48లో క్లాడియస్ చక్రవర్తి గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) పెద్దల్ని సెనేట్‌లోకి రానివ్వాలని వాదించిన ప్రసంగం కంచు పలక మీద చెక్కారు, ఆ పలక ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఇప్పటికీ ఉంది. బయటి జాతివాడు సహాయక దళంలో 25 ఏళ్లు పనిచేస్తే పౌరుడై ఇంటికెళ్లేవాడు. 212లో కరకల్లా సామ్రాజ్యంలో దాదాపు స్వతంత్రులందరికీ పౌరసత్వం ఇచ్చేశాడు, పన్నులు పెంచుకోవడానికే అని అప్పుడే అన్నవాళ్లున్నారు, అయినా ఇచ్చాడు.

భయం మాత్రం పోలేదు. 110 తర్వాత ప్లినీ అనే గవర్నర్ నల్ల సముద్రం పక్కన బిథీనియా రాష్ట్రంలో ఉన్నాడు. నికోమీడియా పట్టణం తగలబడుతుంటే జనం నిలబడి చూశారట, బకెట్ లేదు, నీళ్లు చిమ్మే యంత్రం లేదు. 150 మందితో ఒక ఫైర్ దళం పెట్టుకుంటాను అని ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. వద్దన్నాడు ట్రాజన్. సామాన్లు కొనివ్వు కానీ మనుషుల్ని సంఘంగా కట్టకు, ఏ పేరుతో కలిసినా కొన్నాళ్లకి రాజకీయం మొదలవుతుంది అని జవాబు. ఊళ్లో మంటలార్పే పనికి కూడా చక్రవర్తి అనుమతి కావాల్సి వచ్చింది, అది ఉత్తరాల మీద జరిగింది, కాబట్టి ఈరోజు మనం చదవగలుగుతున్నాం. ఇంకాల సంగతి కుడివైపు తెలిసినవాళ్లు చెప్పాలి.

బెజవాడ_రైడర్:

ఇంకాలది అసలైన సోషలిజం అని ఒక వీడియోలో విన్నా బ్రదర్. అందరికీ భూమి, గోదాముల నిండా తిండి, ఆకలి అనేదే లేదంట. రోమ్‌లో బానిసలు. అలా చూస్తే ఇంకాలే మేలు కదా?

గోదాం_మనిషి:

రైడర్ తమ్ముడూ, ఆ గోదాముల సంగతి నేను చెప్తా, ఎందుకంటే నేను పదిహేనేళ్లుగా ధాన్యం గోదాములోనే పని చేస్తున్నా. ఇంకాల మీద ఆసక్తి పుట్టిందే వాళ్ల గోదాముల ఫొటోలు చూసి.

వాటిని కోల్కాలు అంటారు. ఊరి మధ్యలో కట్టలేదు, కొండ వాలు మీద గాలి బాగా తగిలే చోట వరసలు వరసలుగా కట్టారు. పెరూలో హువానుకో పంపా అనే చోట దాదాపు 500 ఉన్నాయి, గుండ్రటివి మొక్కజొన్నకి, నలుచదరంవి బంగాళాదుంపల్లాంటి దుంపలకి. నేల కింద రాళ్లతో కాలవల్లాగా వదిలి గాలి ఆడేలా చేశారు. ఈ పని చేసినవాడికే తెలుస్తుంది దీని విలువ. మా దగ్గర అడుగు వరస బస్తా నేలకి ఆనిందంటే వర్షాకాలం దాటేసరికి ముక్కిపోయిన వాసన వస్తుంది, చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగులుతుంది, ఇక ఆ వరస పోయినట్టే. అందుకే చెక్క పలకలు వేసి ఎత్తు మీద పేరుస్తాం. వాళ్లు ఐదు వందల ఏళ్ల కింద రాతితో అదే చేశారు. బంగాళాదుంపల్ని రాత్రి మంచుకి గడ్డకట్టించి, పొద్దున ఎండలో ఆరబెట్టి, కాళ్లతో తొక్కి నీళ్లు పిండి చూన్యో అని చేసేవాళ్లు, అది ఏళ్ల తరబడి పాడవదు. స్పెయిన్ వాళ్లొచ్చిన 15 ఏళ్లకి, 1547లో, గాస్కా అనే స్పెయిన్ అధికారి సైన్యం పెరూలోని హౌహా లోయలో ఆగి వారాల తరబడి తిన్నది ఆ పాత ఇంకాల గోదాముల సరుకే.

మరి ఆ తిండి ఎవరికి? ఇక్కడే వీడియోలు తప్పు చెప్తాయి. మొదట సైన్యానికి, తర్వాత రాజ్యం పని మీద వచ్చిన కూలి జనానికి, పండగలకి, దేవుళ్లకి. కరువొస్తే జనానికీ పెట్టారు, కానీ కట్టింది అందుకు కాదు. రాజ వంశాలకి సొంత ఎస్టేట్లు ఉన్నాయి, చచ్చిపోయిన రాజు మమ్మీకి కూడా భూములు, నౌకర్లు ఉన్నారు. దాన్ని సోషలిజం అనలేం.

ఇక లెక్కలు. టీచర్ గారూ, ఆ అమ్మాయికి ముందు ఇదే చూపించండి, దారాలు తీసుకెళ్లి. ఒక పెద్ద తాడు, దానికి వేలాడే పిల్ల తాళ్లు, దాన్ని కిపు అంటారు. ఒక్కో పిల్ల తాడూ ఒక సంఖ్య. 193 అని చెప్పాలంటే పైన వందల స్థానంలో ఒక ముడి, కొంచెం కింద పదుల స్థానంలో తొమ్మిది ముడులు, చివర ఒకట్ల స్థానంలో మూడు చుట్లు తిప్పిన పొడుగు ముడి. ఒకట్ల ముడి ఆకారమే వేరు కాబట్టి ఎక్కడ సంఖ్య అయిపోయిందో చేత్తో తడిమినా తెలిసిపోతుంది. సున్నా అయితే ఆ చోటు ఖాళీ. మన స్థాన విలువ పద్ధతే ఇది, మీ ఆరో తరగతి పిల్లలకి కూడా పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మనుషుల్ని కూడా ఇలాగే లెక్కేశారు: పది ఇళ్లకి ఒకడు, వందకి ఒకడు, వెయ్యికి, పదివేలకి ఒకడు చొప్పున అధికారులు, వీలైనచోటల్లా స్థానిక నాయకుడే, వాడిని కురాకా అంటారు. వాళ్ల పైన కుస్కో నుంచి వచ్చిన గవర్నరు.

నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. లిమాకి దక్షిణాన కన్యేతే లోయలో ఇంకావాసి అనే చోట గోదాము తవ్వితే కిపులు దొరికాయి, కొన్ని వేరుశనక్కాయల కింద, కొన్ని మిరపకాయల కింద, సరుకుతో పాటే లెక్క. వాటిని చదివితే ప్రతి లెక్కలోంచీ ఒకే స్థిరమైన సంఖ్య విడిగా తీసినట్టు ఉంది, సరుకు రాగానే అంత పక్కన పెట్టేసి మిగతాది వేరే ముడి వేశారు. అది పన్ను లాంటిది అయ్యుండాలని దాన్ని పరిశీలించినవాళ్లు అంటున్నారు. అది చదవగానే నాకు మా కాంటా దగ్గర తీసే తరుగు గుర్తొచ్చింది. రైతు ఎంత తెచ్చినా బస్తాకి ఇంత అని తీసేసే ఆ తరుగు మీద ఎన్ని గొడవలు చూశానో. అక్కడ కూడా ఎవడో ఒకడు వేరుశనగ మూట దింపి, ముడి వేసేవాడి చేతి వంకే చూస్తూ నిలబడి ఉంటాడు.

రోమ్‌లో కూడా గోదాము మనిషి లెక్కలు దొరికాయి. రోమ్ నగరంలో మోంటే టెస్టాచియో అని 35 మీటర్ల ఎత్తు గుట్ట ఉంది, అది గుట్ట కాదు, మొత్తం పగిలిన నూనె కుండల పెంకులే. స్పెయిన్ నుంచి ఆలివ్ నూనె వచ్చేది, కుండ ఒక్కటే 30 కిలోలు, లోపల నూనె 70 కిలోలు. కుండ మీద సిరాతో బరువు, పంపినవాడి పేరు, తనిఖీ చేసిన చోటు రాసేవాళ్లు. తేడా చూడండి, రోమ్‌లో సరుకు అంతా రాజధాని నోటికి పోతోంది, అగస్టస్ కాలంలో నగరంలోనే రెండు లక్షల మందికి నెలనెలా ఉచిత గోధుమలు. ఇంకాల గోదాములు మాత్రం చాలావరకు రాష్ట్రాల్లో, దారుల పక్కన ఉన్నాయి. లామా మీద వెయ్యి కిలోమీటర్లు తిండి మోయించడం కుదరదు కాబట్టి, తిండి ఉన్నచోటికే సైన్యం నడిచి వెళ్లేలా పెట్టుకున్నారు.

సోషల్_టీచర్:

గోదాం అన్నయ్య గారూ, దారాల ఉపాయం చాలా బాగుంది, రేపే ఉన్ని దారం కొంటాను. ఒక్క సందేహం. డబ్బు లేదు కాబట్టి పన్నుగా పనే చేయించుకున్నారు, దాన్ని మిత అంటారని చదివాను. అంటే అది వెట్టిచాకిరీయే కదా? పిల్లలకి ఆ మాట వాడొచ్చా?

జొన్నచేను:

టీచర్ గారూ, ఆ మాట వాడే ముందు ఒక్క నిమిషం ఆగండి. మాది నల్గొండ పక్కన పల్లె. మా నానమ్మ వెట్టి చూసిన మనిషి. దొర గడీకి సామాను నెత్తిన పెట్టుకుని ఊరి నుంచి ఊరికి మోసుకెళ్లడం, వెళ్లేటప్పుడు తన సద్ది తనే కట్టుకోవడం, తిరిగొచ్చేసరికి సొంత చేను ఎండిపోయి ఉండడం, ఇవి చెప్పేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది. కాబట్టి ఆ మాట నాకు తేలిక మాట కాదు.

ఇంకాల మిత అది కాదు, అలా అని తియ్యటి విషయమూ కాదు. ఇంటికొకరు వంతుల వారీగా వచ్చి పని చేయాలి, పొలం కావచ్చు, రోడ్డు, సైన్యం, గని కావచ్చు. కానీ వచ్చినవాడికి తిండి, పనిముట్టు, చిచా అనే మొక్కజొన్న కల్లు రాజ్యమే పెట్టాలి, కొన్నిసార్లు బట్ట కూడా. తన గింజ తను తెచ్చుకోవాల్సిన పని లేదు. అతను లేనప్పుడు అతని పొలం ఊరివాళ్లు చూస్తారు. పెట్టకపోతే మర్యాద పోయేది రాజుకే. హువానుకో పంపా మధ్యలో అంత పెద్ద మైదానం, దాని చుట్టూ వేల కొద్దీ చిచా కుండలు దొరకడం అందుకే, అది విందులు పెట్టే చోటు. రోమ్ పౌరసత్వం కాగితం ఇచ్చి కట్టేసుకుంటే వీళ్లు వడ్డించి కట్టేసుకున్నారు.

అసలు వెట్టి అంటే ఏంటో చూడాలంటే తర్వాత ఏమైందో చూడండి. స్పెయిన్ వైస్రాయ్ తోలెదో 1573లో అదే మిత అన్న పేరు ఉంచి ఇప్పటి బొలీవియాలోని పొతోసి వెండి గనికి జనాన్ని తోలాడు. 16 జిల్లాల నుంచి ఏటా మగవాళ్లలో ఏడో వంతు. పేరుకి కూలి, దారి తిండి తనదే, తిరిగొస్తాడో లేదో తెలియదు, పెళ్లాం పిల్లలు లామాలతో సహా వెంట నడిచేవాళ్లు. పేరు అదే, రాజ్యం తన వైపు నుంచి పెట్టాల్సింది మాత్రం తీసేశారు. నానమ్మ చెప్పిన వెట్టి ఇదే.

ఇంకాల క్రూరత్వం వేరే చోట ఉంది, దాన్ని కూడా పిల్లలకి చెప్పండి దయచేసి. మిత్మా అనేది ఒకటి, ఊళ్లకి ఊళ్లని లేపి వెయ్యి కిలోమీటర్ల అవతల దింపేయడం. తిరగబడే జాతిని నమ్మకస్తుల మధ్యకి, నమ్మకస్తుల్ని తిరగబడే చోటికి. ఇప్పటి బొలీవియాలో కొచబాంబా లోయని వాయ్నా కపాక్ రాజు ఖాళీ చేయించి, రకరకాల జాతుల నుంచి 14,000 మంది పనివాళ్లని తెచ్చి మొక్కజొన్న వేయించాడు, ఒక్కో జాతికి ఒక్కో పట్టీ భూమి. పంట వెళ్లేది సైన్యానికి, పక్కనే 2,400 కోల్కాల పునాదులు ఇప్పటికీ కనిపిస్తాయి. అలా వెళ్లినవాళ్లు తమ ఊరి బట్ట, తమ జాతి తలపాగా మార్చకూడదు, మారిస్తే శిక్ష. ఎవడు ఎక్కడివాడో దూరం నుంచే తెలియాలి. ఓడిపోయిన జాతి దేవుడి విగ్రహాన్ని కుస్కోకి తెచ్చి పెట్టుకునేవాళ్లు, మర్యాదగానే, కానీ ఆ జాతి తిరగబడితే ఆ దేవుడికి బహిరంగంగా అవమానం. కురాకా కొడుకుల్ని కూడా కుస్కోలో చదివించేవాళ్లు. రోమ్ కూడా రాజుల పిల్లల్ని బందీగా పెట్టుకుంది. అయితే రోమ్‌లో వేరే జాతివాడు టోగా అనే రోమన్ వస్త్రం కట్టి లాటిన్ మాట్లాడితే మెచ్చుకున్నారు, ఇక్కడ నీ తలపాగా నువ్వు తీయకు అన్నారు. నాకు కనిపించే అతి పెద్ద తేడా అదే.

కొండదారి:

ఆలస్యంగా చూశా ఈ చర్చ. నేను డల్లాస్‌లో ఉంటా, ఒక జూన్‌లో పెరూ వెళ్లినప్పుడు కుస్కో దగ్గర కెస్వాచాకా వంతెన కట్టడం కళ్లారా చూశా, జొన్నచేను గారు చెప్పిన మిత ఎలా ఉంటుందో అక్కడ అర్థమైంది.

అపూరీమాక్ నది మీద 28 మీటర్ల పొడవు వంతెన, మొత్తం గడ్డితోనే. ఏటా కొత్తది కడతారు. నది చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు ఇంటికింత చొప్పున పురి తెస్తారు. గడ్డిని నానబెట్టి రాయితో కొట్టి, ఆడవాళ్లు రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పుతుంటే సన్నటి పురి పాములా జారిపోతూ ఉంటుంది, మన పల్లెల్లో ఎండుగడ్డితో మోకు పేనినట్టే. మగవాళ్లు ఆ పురుల్ని కలిపి, వరసగా నిలబడి లాగుతూ తొడ లావు తాళ్లు పేనుతారు, నాలుగు కిందికి, రెండు చేతులు పట్టుకోడానికి. తాళ్లు అవతలికి చేరాక పాత వంతెనని కోసి నదిలో వదిలేస్తారు, అది కొట్టుకుపోతుంటే ఎవరూ బాధపడలేదు. ఎవరింటి పురి రాలేదో ఆ ఊరి పెద్దకి తెలుసు. ఎవరికీ కూలి లేదు, చివరి రోజు అందరికీ భోజనం, ఆట, పాట. 2013లో యునెస్కో దీన్ని గుర్తించింది. ఇలాంటివన్నీ కలిపితే 30,000 కిలోమీటర్ల పైచిలుకు దారి, చాస్కీలు అనే పరుగు మనుషులు అంచెలంచెలుగా కబురు మోస్తూ ఒక్క రోజులో 240 కిలోమీటర్ల దాకా చేర్చేవాళ్లంటారు. బండి చక్రం లేదు కాబట్టి దారిలో మెట్లు కట్టుకున్నారు, నడిచే మనిషికీ లామాకీ మెట్టు అడ్డం కాదు.

తర్వాతి ఏడాది స్పెయిన్‌లో అల్కాంతరా వంతెన చూశా. ట్రాజన్ కాలంలో, 106 నాటికి పూర్తయిన రాతి వంతెన, ఇప్పటికీ నిలబడే ఉంది. అక్కడ రాతి పలక మీద చందా వేసుకున్న ఊళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి కట్టుకోవడం రెండు చోట్లా ఒకటే. రోమ్ ఊళ్లు ఒకసారి డబ్బిచ్చాయి, రాయి రెండు వేల ఏళ్లు నిలబడింది. కెస్వాచాకాలో గడ్డి రెండేళ్లు కూడా నిలబడదు, కానీ ఏటా జూన్‌లో ఆ ఊళ్లు మళ్లీ వస్తాయి, వంతెన ఇప్పటికీ ఉంది.

అప్పియా_దారి:

కొండదారి గారూ, ఆ రెండు వంతెనల పోలిక నా మనసులో ఉండిపోతుంది.

ఒకటి మాత్రం అనాలి. రోమ్ అంతకాలం నిలిచింది, ఇంకాల రాజ్యం 168 మంది స్పెయిన్ వాళ్లకి కూలిపోయింది కాబట్టి రోమ్ పద్ధతే గట్టిది అని చాలామంది అంటారు, నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నా. అది న్యాయం కాదు. 1527 ప్రాంతంలో వాయ్నా కపాక్ చనిపోయాడు, యూరప్ నుంచి వచ్చిన మశూచి తెల్లవాళ్ల కంటే ముందే అక్కడికి చేరిందని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. కొడుకులు వాస్కార్, అతవాల్పా మధ్య యుద్ధం. అతవాల్పా గెలిచి ఊపిరి తీసుకునేలోపే, 1532 నవంబరు 16న, కహమార్కా పట్టణంలో స్పెయిన్ సేనాని పిసారో చేతికి చిక్కాడు. ఆ తర్వాత స్పెయిన్ వాళ్లకి తిండి, మోతగాళ్లు, సైనికులు ఇచ్చింది కన్యారి, వాంకా, చచపోయా లాంటి జాతులు, ఇంకాలు ఓడించి ఒకటి రెండు తరాలే అయినవాళ్లు. రోమ్ కూడా ఇటలీని కలుపుకున్నాక తన మిత్రులతోనే యుద్ధం చేసింది, నేను పైన చెప్పిన క్రీ.పూ. 91 అదే. అప్పుడు మశూచీ, గుర్రపు దళాలూ ఒకేసారి వచ్చి ఉంటే రోమ్ ఏమయ్యేదో నేను చెప్పలేను. పెరూలో తలపాగా మరిచిపోవడానికి కావాల్సినంత కాలం ఎవరికీ దొరకలేదు.

గోదాం_మనిషి:

వాంకాల పేరు వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి వెళ్తా, టీచర్ గారికి పనికొస్తుంది.

వాంకా నాయకులు ఇంకాల మీద కోపంతో 1533 నుంచి స్పెయిన్ వాళ్లకి హౌహా గోదాముల్లోంచి అన్నీ ఇచ్చారు. ఇచ్చిన ప్రతిదానికీ కిపు వేసి పెట్టుకున్నారు. స్పెయిన్ వాళ్లు కృతజ్ఞత చూపించలేదు. పాతికేళ్ల పైన గడిచాక, 1561 ప్రాంతంలో, ఆ నాయకులు లిమాలో స్పెయిన్ రాజుగారి కోర్టుకే వెళ్లి దావా వేశారు. కిపులు తెచ్చి, ముడి తడుముతూ ఒక్కొక్కటే చదువుతుంటే గుమాస్తా స్పానిష్‌లో రాసుకున్నాడు: ఏ కెప్టెన్ వచ్చినప్పుడు ఎన్ని లామాలు, ఎంత మొక్కజొన్న, ఎన్ని కుండలు, ఎన్ని జతల చెప్పులు, కట్టెలు, గడ్డి, చేపలు. ఇచ్చినవి ఒక లెక్క, దోచుకుపోయినవి వేరే లెక్క. ఆ కోర్టు కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ అమ్మాయి ఏముంది మేడం అని అడిగింది కదా, కుడివైపు మొదటి గడిలో ఈ తాడు బొమ్మ గీయండి. ముడులు మాత్రం తనతోనే వేయించండి.